డెస్క్‌టాప్ ప్రాసెసర్ మార్చాలా, వద్దా? డబ్బు పెట్టే ముందు చూసుకోవాల్సినవి

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ ఉచిత మద్దతు ముగిసింది. అప్పటిదాకా ఇళ్లలో, దుకాణాల్లో, చిన్న ఆఫీసుల్లో నడుస్తున్న డెస్క్‌టాప్‌లు ఆ మర్నాడు కూడా ఎప్పటిలాగే ఆన్ అయ్యాయి. కానీ వాటికి నెలనెలా వచ్చే భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి. విండోస్ 11కు మారదామంటే ప్రాసెసర్ల జాబితా అడ్డొస్తుంది. ఒకటి రెండు మినహాయింపులు తప్ప ఇంటెల్‌లో 8వ తరం, ఆ తర్వాతివి, ఏఎండీలో రైజెన్ 2000 శ్రేణిలో చాలా వరకు, ఆ తర్వాతివి మాత్రమే అందులో ఉన్నాయి. టీపీఎం 2.0 అనే భద్రతా సదుపాయం కూడా ఉండాలి. అంటే 2017 మధ్యలో మంచి ధర పెట్టి కొన్న 7వ తరం కోర్ ఐ7 కూడా ఈ జాబితాకు బయటే ఉండిపోయింది.

దీంతో రెండు వేర్వేరు ప్రశ్నలు కలిసిపోయాయి. కంప్యూటర్ నెమ్మదించిందా అన్నది ఒకటి. కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ దాన్ని ఒప్పుకుంటుందా అన్నది రెండోది. దుకాణంలో అడిగితే ఈ రెండింటికీ తరచూ ఒకే జవాబు వస్తుంది: కొత్త ప్రాసెసర్, కొత్త మదర్‌బోర్డు, కొత్త ర్యామ్. నిజానికి ఈ ప్రశ్నలకు జవాబులు వేరు, ఖర్చులూ వేరు. వాటిని విడదీసి చూస్తే చాలామందికి అసలు ప్రాసెసర్ మార్చాల్సిన అవసరమే ఉండకపోవచ్చు. మరికొందరికి ప్రాసెసర్ ఒక్కటి మారిస్తే సరిపోతుంది. మిగిలినవారికి మాత్రమే మొత్తం మార్చక తప్పదు.

గిగాహెర్ట్జ్ అంకె ఏం చెబుతుంది?

ప్రాసెసర్ వేగం అనగానే చాలామంది చూసేది గిగాహెర్ట్జ్. ఈ అంకె ఒకప్పుడు తరం తరానికీ దూకుతూ పోయేది. 2000 నవంబర్‌లో వచ్చిన తొలి పెంటియం 4 వేగం 1.4, 1.5 గిగాహెర్ట్జ్. నాలుగేళ్లలోనే అది 3.8కి చేరింది. అక్కడ వేడి అడ్డుపడింది. 4 గిగాహెర్ట్జ్ పెంటియం 4 తెచ్చే ఆలోచనను ఇంటెల్ 2004లో వదులుకుంది. 2023లో వచ్చిన కోర్ ఐ9 14900కే గరిష్ఠ వేగం 6 గిగాహెర్ట్జ్. అంటే దాదాపు ఇరవై ఏళ్లలో ఈ అంకె రెట్టింపు కూడా కాలేదు.

అయినా కొత్త ప్రాసెసర్లు ఎన్నో రెట్లు ఎక్కువ పని చేస్తున్నాయి. దానికి కారణాలు మూడు. ఒక్కో గడియార స్పందనలో పూర్తి చేసే పని పెరిగింది. చిప్ లోపలే ఉండే క్యాష్ మెమరీ పెరిగింది. కోర్ల సంఖ్య పెరిగింది. వేర్వేరు తరాలకు చెందిన రెండు ప్రాసెసర్లను గిగాహెర్ట్జ్‌తో పోల్చడం అందుకే కుదరదు. ఐ3, ఐ5, ఐ7 పేర్లూ అంతే. పాత ఐ7 కన్నా నాలుగైదు తరాల తర్వాతి ఐ3 వేగంగా ఉండటం మామూలే.

కోర్లు ఎక్కువైతే పని అంత వేగంగా జరుగుతుందనుకోవడం కూడా పొరపాటే. 1967లో కంప్యూటర్ రూపశిల్పి జీన్ ఆమ్డాల్ చేసిన వాదన ఇక్కడ పనికొస్తుంది. ఒక పనికి ఒకే కోర్ మీద 10 నిమిషాలు పడుతుందనుకుందాం. అందులో 6 నిమిషాల భాగాన్ని కోర్లకు పంచవచ్చు, మిగతా 4 నిమిషాల భాగం ఒకదాని తర్వాత ఒకటిగా జరగాల్సిందే. 4 కోర్లు ఉంటే మొత్తం 5.5 నిమిషాలు పడుతుంది. 12 కోర్లు పెడితే 4.5 నిమిషాలు. వంద కోర్లు పెట్టినా 4 నిమిషాల కన్నా తగ్గదు. వాడే సాఫ్ట్‌వేర్ ఏ రకం పనిని ఎక్కువగా చేస్తుందో తెలియకుండా కోర్ల కోసం డబ్బు పెట్టడం వృథా అయ్యేది ఇందుకే.

తెలుగు డీటీపీ కేంద్రాలు దీనికి మంచి ఉదాహరణ. అను ఫాంట్లతో పేజ్‌మేకర్‌లో శుభలేఖలు, కరపత్రాలు, పుస్తకాలు కూర్చే చోట్లు నేటికీ ఉన్నాయి. పేజ్‌మేకర్ చివరి పెద్ద వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. డెస్క్‌టాప్‌లలో రెండు కోర్ల ప్రాసెసర్లు వచ్చింది 2005లో. ఒక కోర్ కాలంలో రాసిన సాఫ్ట్‌వేర్‌కు పదహారు కోర్లు ఇచ్చినా పెద్దగా ఒరిగేదేమీ ఉండదు. అదే కేంద్రంలో ఫొటోషాప్ మీద భారీ ఫ్లెక్సీలు చేస్తుంటే లెక్క మారుతుంది. అక్కడ ర్యామ్ ముందు చాలకుండా పోతుంది.

యంత్రం ఎక్కడ ఆగుతోంది?

నిర్ణయానికి మొదటి మెట్టు ఖర్చు లేనిది. విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుంది. కంప్యూటర్ విసిగించే పని ఏదో ఆ పనే చేస్తూ, అందులోని పెర్ఫార్మెన్స్ పేజీని గమనించాలి. ఖాళీగా ఉన్నప్పుడు చూస్తే ఏమీ తెలియదు.

డిస్క్ వాడకం చాలాసేపు 100 శాతం దగ్గరే నిలిచిపోయి, ప్రాసెసర్ మాత్రం పదీ ఇరవై శాతం దగ్గర ఉంటే తప్పు ప్రాసెసర్‌ది కాదు. పాత హార్డ్ డిస్క్‌లో పళ్లెం తిరగాలి, సూది కదలాలి. చెల్లాచెదురుగా ఉన్న చిన్న ఫైళ్లను అది సెకనుకు వంద సార్లు చదవడం కూడా కష్టం. మామూలు సాటా ఎస్‌ఎస్‌డీ అదే పనిని సెకనుకు వేల సార్లు చేస్తుంది. హార్డ్ డిస్క్ మీద విండోస్ నడుస్తున్న యంత్రానికి ఎస్‌ఎస్‌డీ పెడితే వచ్చే మార్పు ఏ కొత్త ప్రాసెసర్ తెచ్చే మార్పుకన్నా ముందు కంటికి కనిపిస్తుంది. పైగా ఆ ఎస్‌ఎస్‌డీని రేపు కొత్త యంత్రంలోనూ వాడుకోవచ్చు.

మెమరీ వాడకం 85, 90 శాతం దాటి అక్కడే ఉంటే ర్యామ్ చాలడం లేదని అర్థం. ర్యామ్ నిండగానే విండోస్ డిస్క్‌ను మెమరీగా వాడుకోవడం మొదలుపెడుతుంది, యంత్రం పాకుతున్నట్టు అనిపిస్తుంది. అసెంబుల్డ్ కంప్యూటర్లలో డబ్బు కలిసొస్తుందని ఒకే ర్యామ్ స్టిక్‌తో సరిపెట్టడం కూడా జరుగుతుంటుంది. దానికి జతగా అలాంటిదే ఇంకొకటి సరైన స్లాట్‌లో పెడితే సామర్థ్యంతోపాటు మెమరీకీ ప్రాసెసర్‌కూ మధ్య దారి కూడా రెట్టింపు వెడల్పవుతుంది. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేని యంత్రాల్లో ఈ తేడా బాగా తెలుస్తుంది.

ప్రాసెసర్ శాతాన్ని చదివేటప్పుడు జాగ్రత్త అవసరం. ఎనిమిది థ్రెడ్ల ప్రాసెసర్‌లో ఒకే థ్రెడ్ పూర్తి భారంతో నడుస్తుంటే మొత్తం వాడకం 12 లేదా 13 శాతంగానే కనిపిస్తుంది. ప్రాసెసర్ ఖాళీగా ఉందనుకుంటే పొరపాటు. గ్రాఫ్ మీద కుడి క్లిక్ చేసి లాజికల్ ప్రాసెసర్ల వారీగా విడదీసి చూడాలి. ఒకటే నిండుగా ఉంటే ఆ సాఫ్ట్‌వేర్‌కు కావాల్సింది ఒక్కో కోర్ వేగం. అన్నీ నిండుగా ఉంటే కోర్ల సంఖ్య పెంచడం ఉపయోగపడుతుంది.

ఆటల విషయంలో చూడాల్సింది గ్రాఫిక్స్ కార్డును. ఆట నడుస్తుండగా అది 95 శాతానికి పైగా పని చేస్తుంటే ప్రాసెసర్ దానికి సరిపడా పని అందిస్తోందన్నమాట. అప్పుడు ప్రాసెసర్ మార్చినా ఫ్రేములు పెద్దగా పెరగవు. రిజల్యూషన్ పెరిగేకొద్దీ భారం గ్రాఫిక్స్ కార్డు మీదికి జరుగుతుంది. అందుకే 1080పీ దగ్గర కనిపించే ప్రాసెసర్ల తేడా 4కే దగ్గరికొచ్చేసరికి బాగా తగ్గిపోతుంది.

చివరిగా వేడి. ఏళ్ల తరబడి తెరవని క్యాబినెట్‌లో దుమ్ము పేరుకుంటుంది, ప్రాసెసర్ మీది థర్మల్ పేస్ట్ ఎండిపోతుంది. వేడి 100 డిగ్రీల సెల్సియస్ దగ్గరికి చేరితే ప్రాసెసర్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. ఏప్రిల్, మే నెలల్లోనే కంప్యూటర్ నెమ్మదిస్తోందంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. దానికి కావాల్సింది బ్లోయర్, కొత్త పేస్ట్.

ప్రాసెసర్ ధర వేరు, మార్పిడి ఖర్చు వేరు

ఈ పరీక్షలన్నీ అయ్యాక ప్రాసెసరే చాలడం లేదని తేలితే అప్పుడు చూడాల్సింది సాకెట్. ప్రాసెసర్ కూర్చునే ఈ గూడు ఏదన్న దాన్ని బట్టే అసలు ఖర్చు తేలుతుంది. 2017లో కంప్యూటర్ కొన్న ఇద్దరి పరిస్థితి చూస్తే ఇది స్పష్టమవుతుంది.

ఒకరు ఏఎండీ ఏఎం4 సాకెట్ బోర్డుతో రైజెన్ 5 1600 తీసుకున్నారనుకుందాం. ఆ ప్రాసెసర్ విండోస్ 11 జాబితాలో లేదు. కానీ అదే సాకెట్‌కు ఏఎండీ 2020లో రైజెన్ 5000 శ్రేణి తెచ్చింది. పాత 300 శ్రేణి బోర్డులకు కూడా 2022లో దారి తెరిచింది. బోర్డు తయారీదారు తగిన బయోస్ ఇచ్చి ఉంటే రైజెన్ 5 5600 లాంటిది కొని, బోర్డు, ర్యామ్, క్యాబినెట్ అన్నీ పాతవే ఉంచుకోవచ్చు. కోర్లు ఆరుకు ఆరే అయినా ఒక్కో కోర్ వేగం సుమారు ఒకటిన్నర రెట్లు అవుతుంది. విండోస్ 11 సమస్యా తీరుతుంది. ఆటలు ఆడేవారి కోసం 2022 ఏప్రిల్‌లో అదే సాకెట్‌కు 96 మెగాబైట్ల ఎల్3 క్యాష్‌తో రైజెన్ 7 5800ఎక్స్3డీ కూడా వచ్చింది.

ఇంకొకరు అదే ఏడాది ఎల్‌జీఏ 1151 సాకెట్‌పై ఇంటెల్ 7వ తరం ప్రాసెసర్ తీసుకున్నారనుకుందాం. ఆ ఏడాది అక్టోబర్‌లో వచ్చిన 8వ తరానికీ పిన్నుల సంఖ్య 1151 అయినా దానికి 300 శ్రేణి బోర్డు ఉండాలని ఇంటెల్ షరతు పెట్టింది. పాత బోర్డులో అధికారికంగా అది పనిచేయదు. ఆ తర్వాత 2020లో ఎల్‌జీఏ 1200, 2021లో ఎల్‌జీఏ 1700, 2024లో ఎల్‌జీఏ 1851 వచ్చాయి. ఈ రెండో వ్యక్తి ప్రాసెసర్ మార్చాలంటే బోర్డు మార్చక తప్పదు.

ర్యామ్ సంగతి ఇక్కడే వస్తుంది. ఏఎండీ ఏఎం5, ఇంటెల్ ఎల్‌జీఏ 1851 బోర్డులకు డీడీఆర్5 ర్యామ్ మాత్రమే పనికొస్తుంది. 12, 13, 14వ తరాల ఇంటెల్ ప్రాసెసర్లు కూర్చునే ఎల్‌జీఏ 1700లో డీడీఆర్4 బోర్డులూ ఉన్నాయి, డీడీఆర్5 బోర్డులూ ఉన్నాయి. కృత్రిమ మేధ డేటా సెంటర్ల గిరాకీతో 2025 చివరి నుంచి మెమరీ ధరలు బాగా ఎగబాకాయి. కాబట్టి చేతిలో 16 జీబీ డీడీఆర్4 ఉన్నవారికి దాన్ని నిలుపుకునే దారి కొన్నేళ్ల కిందటి కన్నా ఎక్కువ విలువైనది. అయితే అది ముగిసిపోతున్న దారి అన్నది కూడా గుర్తుంచుకోవాలి. ఏఎం5 సాకెట్‌ను 2027 వరకు, ఆ తర్వాత కూడా కొనసాగిస్తామని ఏఎండీ చెప్పింది. మళ్లీ మూడు నాలుగేళ్లకు ప్రాసెసర్ ఒక్కటే మార్చుకోవాలనుకునేవారికి ఆ మాట ముఖ్యం.

ఖర్చు లెక్కలో చేర్చాల్సినవి ఇంకా ఉన్నాయి. కొత్త ప్రాసెసర్‌కు పాత కూలర్ అమరుతుందా, పాత ఎస్‌ఎంపీఎస్ సరిపోతుందా అన్నవి చూడాలి. ఇంటెల్ పేర్ల చివర ఎఫ్ అక్షరం ఉంటే అందులో గ్రాఫిక్స్ భాగం పనిచేయదు, విడిగా కార్డు లేకపోతే తెర మీద బొమ్మే రాదు. ఏఎం4లో దీనికి భిన్నంగా పేరులో జీ అక్షరం ఉన్నవాటికే సాధారణంగా గ్రాఫిక్స్ ఉంటుంది. దుకాణంలో కంప్యూటర్‌తోపాటు వచ్చిన ఓఈఎం రకం విండోస్ లైసెన్సు ఆ బోర్డుకే ముడిపడి ఉంటుంది. బోర్డు మారితే దాన్ని కొత్తగా కొనాల్సి రావచ్చు.

లాభం ఎవరికి?

లేఖలు, ఎక్సెల్, ట్యాలీ, బ్రౌజర్, ఆన్‌లైన్ క్లాసులకు వాడే యంత్రంలో ఎస్‌ఎస్‌డీ, 16 జీబీ ర్యామ్ ఉంటే ఏడెనిమిదేళ్ల కిందటి నాలుగు కోర్ల ప్రాసెసర్ కూడా సరిపోతుంది. వీరికి సమస్య వేగం కాదు, భద్రతా అప్‌డేట్లు.

యూట్యూబ్ చానల్ కోసం రోజూ వీడియో ఎడిట్ చేసేవారు, పెద్ద ప్రాజెక్టులను మాటిమాటికీ కంపైల్ చేసే ప్రోగ్రామర్లు, త్రీడీ బొమ్మలు రెండర్ చేసేవారు కోర్లు పెరిగితే నేరుగా లాభపడతారు. వీడియోలో మాత్రం ఇంకో మెలిక ఉంది. కెమెరా ఏ ఫార్మాట్‌లో తీస్తుందో దాన్ని విప్పే ప్రత్యేక సర్క్యూట్ ప్రాసెసర్‌లోనో గ్రాఫిక్స్ కార్డులోనో ఉంటే ఎడిటింగ్ సాఫీగా సాగుతుంది. అది లేకపోతే ఎన్ని కోర్లున్నా టైమ్‌లైన్ తడబడుతుంది. సొంత కంప్యూటర్‌లో భాషా నమూనాలు నడపాలనుకునేవారికి ప్రాసెసర్ కన్నా గ్రాఫిక్స్ కార్డులోని మెమరీ ముఖ్యం.

లాభాన్ని గంటల్లో లెక్కేయడం మంచిది. రోజూ 40 నిమిషాలు పట్టే ఎక్స్‌పోర్ట్ పని 20 నిమిషాల్లో అయిపోతే 300 పనిదినాలకు 100 గంటలు మిగులుతాయి. ఆ సమయంలో మనిషి తెర ముందు కూర్చుని ఎదురుచూస్తుంటే ఆ 100 గంటలకు విలువ ఉంది. పని రాత్రి పెట్టి నిద్రపోయే అలవాటుంటే మిగిలేది ఏమీ లేదు. మొత్తం ఖర్చులోంచి పాత భాగాలు అమ్మితే వచ్చేది తీసేసి, కొత్తది వాడబోయే సంవత్సరాలతో భాగిస్తే ఏడాది ఖర్చు వస్తుంది. కంప్యూటర్ భాగాల మీద 18 శాతం జీఎస్టీ ఉంది. నమోదైన వ్యాపారులు బిల్లుతో కొంటే దాన్ని ఇన్‌పుట్ క్రెడిట్‌గా పొందవచ్చు కాబట్టి వారి లెక్క ఇంటివారి లెక్కలా ఉండదు.

కరెంటు బిల్లు తగ్గుతుందన్న వాదన మాత్రం ఎక్కువ దూరం రాదు. కొత్త యంత్రం 50 వాట్లు తక్కువ తీసుకుంటుందనుకున్నా, రోజుకు 8 గంటల చొప్పున 300 రోజులకు ఆదా అయ్యేది 120 యూనిట్లు. యూనిట్ 8 రూపాయలు అనుకుంటే 960 రూపాయలు.

కొత్తదనానికీ ప్రమాదం ఉంది

సరికొత్త ప్రాసెసర్ ఎప్పుడూ నమ్మకమైనదే అవుతుందన్న హామీ లేదు. ఇంటెల్ 13, 14వ తరాల్లోని శక్తిమంతమైన డెస్క్‌టాప్ ప్రాసెసర్లు కొన్ని ఆటల మధ్యలో, భారీ పనుల మధ్యలో క్రాష్ అవుతున్నాయని వాడకందారులు ఫిర్యాదు చేశారు. ప్రాసెసర్ అవసరానికి మించిన వోల్టేజీ అడుగుతోందని 2024 జులైలో ఇంటెల్ ఒప్పుకుంది. ఆగస్టులో వారంటీని రెండేళ్లు పొడిగించింది. ఆ తర్వాత సవరించిన మైక్రోకోడ్‌ను బయోస్ అప్‌డేట్ల ద్వారా అందించింది. అయితే ఆ సవరణ ముందుముందు జరగబోయే నష్టాన్ని ఆపుతుందే తప్ప, అప్పటికే దెబ్బతిన్న చిప్‌ను బాగుచేయదు. ఈ తరాల ప్రాసెసర్లను సెకండ్ హ్యాండ్‌లో కొనేవారికి ఇది పెద్ద హెచ్చరిక.

సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనైనా, ఢిల్లీ నెహ్రూ ప్లేస్‌లోనైనా, చెన్నై రిచీ స్ట్రీట్‌లోనైనా అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ప్రాసెసర్ కంపెనీ పెట్టెలో సీల్‌తో వస్తోందా, లేక ట్రే నుంచి తీసి ఇస్తున్నారా? పెట్టెలో వచ్చేదానికి తయారీ కంపెనీ వారంటీ ఉంటుంది. ట్రే ప్రాసెసర్‌కు అమ్మినవారి మాటే వారంటీ. ధరలో తేడా ఎంతో, ఆ మాట మీద నమ్మకం ఎంతో చూసుకుని తేల్చుకోవాలి.

విండోస్ 11 ఒప్పుకోకపోతే

ప్రాసెసర్ జాబితాలో ఉన్నా అప్‌గ్రేడ్ కుదరదని కంప్యూటర్ చెబుతుంటే ముందు బయోస్‌లోకి వెళ్లి చూడాలి. 2018 తర్వాతి బోర్డుల్లో చాలావాటికి టీపీఎం ప్రాసెసర్‌లోనే ఉంటుంది, ఆఫ్ చేసి ఉంటుందంతే. దాన్ని ఆన్ చేయడానికి పైసా ఖర్చు లేదు.

జాబితాలో లేని యంత్రాలకు మైక్రోసాఫ్ట్ గృహ వినియోగదారుల కోసం 2026 అక్టోబర్ 13 వరకు పొడిగింపు అప్‌డేట్లు ప్రకటించింది. మైక్రోసాఫ్ట్ ఖాతాతో సెట్టింగులు సింక్ చేసుకుంటే ఉచితంగా, లేదంటే రుసుముతో ఇవి అందుతాయి. ఇది నిర్ణయానికి కొంత వ్యవధి ఇచ్చేదే తప్ప శాశ్వత పరిష్కారం కాదు. షరతులను దాటవేసి విండోస్ 11 ఎక్కించే పద్ధతులు ప్రచారంలో ఉన్నా, అలాంటి యంత్రాలకు అప్‌డేట్లు అందుతాయన్న హామీ లేదని మైక్రోసాఫ్టే చెబుతోంది. బ్యాంకు లావాదేవీలు, ఖాతాల లెక్కలు ఉన్న కంప్యూటర్‌కు అది తగదు.

మూడో దారి లినక్స్. బ్రౌజర్, లిబ్రే ఆఫీస్‌తో పని గడిచిపోయేవారికి పాత ప్రాసెసర్ మీద కూడా ఇది తాజా భద్రతా అప్‌డేట్లతో నడుస్తుంది. సీ-డాక్ రూపొందించిన బాస్ లినక్స్ సహా చాలావాటిలో తెలుగు టైపింగ్ ఉంది. ట్యాలీ, అను ఫాంట్లు, ప్రభుత్వ పోర్టళ్ల డిజిటల్ సంతకాల వంటివి అవసరమైనవారు మాత్రం ముందుగా పరీక్షించుకోకుండా మారకూడదు.

మార్చాలని తేలితే

ప్రాసెసర్ ఒక్కటే మారుస్తుంటే, పాతది తీయకముందే బయోస్ అప్‌డేట్ చేయాలి. చాలా బోర్డులు పాత బయోస్‌తో కొత్త ప్రాసెసర్‌ను గుర్తించవు. అప్‌డేట్ సగంలో కరెంటు పోతే బోర్డు పాడయ్యే ప్రమాదం ఉంది కాబట్టి యూపీఎస్ తప్పనిసరి. డిస్క్‌కు బిట్‌లాకర్ వేసి ఉంటే రికవరీ కీని ముందే రాసి పెట్టుకోవాలి. టీపీఎం ప్రాసెసర్‌లో ఉన్న యంత్రాల్లో చిప్ మారగానే ఆ తాళం తెరవడానికి కీ అడుగుతుంది. కీ లేకపోతే సమాచారం మొత్తం చేజారుతుంది.

పాత భాగాలను తూకానికి అమ్మడం ఆఖరి మార్గం కావాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం వాటిని నమోదైన రీసైక్లర్లకు చేర్చాలి. అంతకన్నా ముందు ఆలోచించాల్సింది, విండోస్ 11 వద్దన్న ఆ యంత్రం లినక్స్‌తో చదువుకునే పిల్లలకు ఇంకా పనికొస్తుందా అని.

మొత్తంగా చూస్తే క్రమం ఇదీ. ముందు దుమ్ము, వేడి. తర్వాత ఎస్‌ఎస్‌డీ, ర్యామ్. ఆ తర్వాత అదే సాకెట్‌లో దొరికే మెరుగైన ప్రాసెసర్. అన్నీ చూశాక కూడా పని ఆగుతుంటేనే కొత్త బోర్డు, కొత్త ర్యామ్. రోజువారీ పనికి యంత్రం సరిపోతూ, భద్రతా అప్‌డేట్లు అందుతూ ఉంటే కొత్త తరం వచ్చిందన్న ఒక్క కారణంతో మార్చాల్సిన పని లేదు.